యుద్ధం ముగిశాక మిగిలే పద్దు: హైదరాబాదు, భారత్, పాకిస్తాన్ మధ్య రుణ వ్యవహారాలు

లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
- యుద్ధానంతర రుణ వివాదంలో తలెత్తే ముఖ్యమైన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.
- 1947-48లో హైదరాబాదు, భారత్, పాకిస్తాన్ మధ్య తలెత్తిన ఆర్థిక వివాదాలను వివరించగలుగుతారు.
- ఒక అప్పు ఎందుకు తీరిందో, మరొకటి ఎందుకు తీరలేదో పోల్చి చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఊళ్లో రెండు కుటుంబాల మధ్య గట్టు తగాదా వస్తే అరుపులు ఒక పూటతో ఆగిపోతాయి. పెట్టెలో ఉన్న అప్పు కాగితం మాత్రం అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు దాన్ని బయటికి తీస్తాడు. పొలం చేతులు మారితే, ఆ అప్పు పొలంతో పాటు వెళ్లిందా, మనిషితో పాటు వెళ్లిందా అన్న ప్రశ్న వస్తుంది. రాజ్యాల మధ్య కూడా జరిగేది ఇదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఉండి ఈ పాఠం చదువుతున్న విద్యార్థులు ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం విజయవాడ వైపు నుంచి హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది మీ ఊళ్ల మీదుగానే. సైనిక చర్య ఐదు రోజుల్లో ముగిసింది. దానితో ముడిపడిన ఒక బ్యాంకు ఖాతా వివాదం మాత్రం 2019 వరకు, అంటే 71 ఏళ్లు సాగింది.

రుణ వివాదం అనగానే మనకు ముందుగా తోచే ప్రశ్న "ఎంత?" అని. నిజానికి అంతకుముందే మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. ఒకటి, అప్పు ఎవరి పేరున ఉంది? రెండు, పాలన మారిన తరవాత దానికి వారసులు ఎవరు? మూడు, వివాదాన్ని ఎక్కడ తేల్చాలి? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా "ఎంత" అన్నదానికి అర్థం ఉండదు. ఈ యూనిట్ అంతటా ఈ మూడు ప్రశ్నలను గుర్తుంచుకోండి.

2. సరిహద్దు వెనక ఉన్న చెల్లింపు

కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు వెళితే నేడు తెలంగాణ ముగిసి ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. 1948కి ముందు అక్కడ నిజాం రాజ్యం ముగిసి మద్రాసు ప్రభుత్వపు కృష్ణా జిల్లా మొదలయ్యేది. ఈ సరిహద్దు పుట్టుకలోనే ఒక యుద్ధం, దాని వెంట ఒక చెల్లింపు ఉన్నాయి.

1759లో ఈస్టిండియా కంపెనీ సేనలు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నాన్ని గెలుచుకున్నాయి. 1765లో కోస్తా సర్కారుల కోసం కంపెనీ మొగలు చక్రవర్తి నుంచి ఫర్మానా పొందింది. అయితే ఆ ప్రాంతం మీద నిజాం అలీ ఖాన్ హక్కును పక్కన పెట్టడం కుదరలేదు. 1766 నవంబరు 12న ఇరుపక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. సర్కారులు కంపెనీవి, అందుకు బదులుగా నిజాంకు ఏటా పేష్కష్ చెల్లించాలి. తరవాతి ఒప్పందాల్లో మొత్తం మారుతూ వచ్చి, చివరికి అది ఏడాదికి 7 లక్షల రూపాయల దగ్గర నిలిచింది.

1823లో ఈ వార్షిక చెల్లింపును ఒక్కసారిగా తీర్చివేశారు. అప్పటికి నిజాం ప్రభుత్వం హైదరాబాదులోని విలియం పామర్ కంపెనీకి భారీగా బాకీ పడి ఉంది. ఈ బాకీ తీర్చడానికి కంపెనీ ప్రభుత్వం 1,16,66,666 రూపాయలు ఇచ్చింది. దానికి బదులుగా పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. ఆ అంకె ఎలా వచ్చిందో మీరే లెక్క కట్టవచ్చు. 6 శాతం వడ్డీతో ఏడాదికి 7 లక్షలు రావాలంటే అసలు ఎంత ఉండాలి? సరిగ్గా అంతే. నిజాం తరతరాల ఆదాయాన్ని వదులుకున్నాడు. వచ్చిన సొమ్ము బాకీకే సరిపోయింది.

ఇదే ధోరణి 1853లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కంపెనీ అధికారుల కింద ఉండే 'హైదరాబాదు కంటింజెంట్' సైన్యం జీతాల ఖర్చు నిజాం ఖాతాలో బాకీగా పేరుకుపోయింది. 1853 మే 21న కుదిరిన ఒప్పందంతో బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాల పాలన కంపెనీ చేతికి వెళ్లింది. 1857 తిరుగుబాటులో నిజాం ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. ఫలితంగా 1860 ఒప్పందంలో సుమారు 50 లక్షల బాకీ రద్దయింది. రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి. బేరారు మాత్రం రాలేదు. 1902లో ఏడాదికి 25 లక్షల కౌలు మీద అది శాశ్వతంగా ఆంగ్లేయుల చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. 1853లో బాకీ 50 లక్షలు, 1860లో సున్నా. ఆ మధ్య ఒక్క రూపాయి తీర్చినందువల్ల ఇలా జరగలేదు, రెండు ప్రభుత్వాల మధ్య సంబంధం మారినందువల్ల జరిగింది. దౌత్యం బాగుంటే అప్పు కరుగుతుంది, చెడితే అదే అప్పు భూమిని అడుగుతుంది.

3. యథాతథ ఒప్పందం, 20 కోట్ల రుణం

1947 ఆగస్టు 15న ఆంగ్లేయుల సార్వభౌమాధికారం ముగిసింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లోనూ పాకిస్తాన్‌లోనూ చేరలేదు. సుదీర్ఘ చర్చల తరవాత 1947 నవంబరు 29న భారత్, హైదరాబాదు ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం చేసుకున్నాయి. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా వంటి అంశాల్లో పాత ఏర్పాట్లే కొనసాగాలి. రెండు ప్రభుత్వాలూ ఒకరి దగ్గర మరొకరు ప్రతినిధిని ఉంచాలి. వివాదాలు వస్తే మధ్యవర్తులకు అప్పగించాలి. భారత ప్రతినిధిగా కె. ఎం. మున్షీ హైదరాబాదుకు వచ్చారు. జైన్ యార్ జంగ్ ఢిల్లీ వెళ్లారు.

ఆ రోజుల్లో కోదాడ నుంచి సూర్యాపేటకు బయలుదేరిన మనిషి పరిస్థితి ఊహించండి. కోదాడ నిజాం రాజ్యం. దారిలో మునగాల పరగణా. నిజాం భూభాగం మధ్యలో ఉన్నా అది కృష్ణా జిల్లాకు చెందినది. దాన్ని దాటితే మళ్లీ నిజాం రాజ్యం. సరుకు మీద కరోడ్‌గిరి సుంకం ఉండేది. నిజాం రాజ్యానిది హాలీ సిక్కా, మునగాలలో కల్దారు రూపాయి. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. మిర్యాలగూడ వైపు కృష్ణానది దాటినా ఇదే తేడా. రెండు ప్రభుత్వాల మధ్య సంబంధాలు చెడితే దాని ప్రభావం ముందుగా పడేది ఇలాంటి సరిహద్దు సంతల మీదే.

ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే రెండు వివాదాలు వచ్చాయి. హైదరాబాదు ప్రభుత్వం భారత కరెన్సీ చెలామణీని పరిమితం చేస్తూ, విలువైన లోహాల ఎగుమతిని నిషేధిస్తూ ఆర్డినెన్సులు తెచ్చింది. అంతకన్నా పెద్ద వివాదం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం ఇవ్వడం.

ఈ రుణాన్ని నగదుగా కాక, హైదరాబాదు చేతిలో ఉన్న భారత ప్రభుత్వ రుణపత్రాల రూపంలో ఇచ్చారు. ఇందులోని మెలిక జాగ్రత్తగా చూడండి. రుణపత్రం అంటే "ఈ సొమ్ము మీకు బాకీ ఉన్నాం" అని భారత ప్రభుత్వం రాసిచ్చిన కాగితం. అది హైదరాబాదు దగ్గర ఉన్నంతకాలం భారత్ హైదరాబాదుకు బాకీ. పాకిస్తాన్ చేతికి వెళితే భారత్ పాకిస్తాన్‌కు బాకీ. కశ్మీరులో పోరు సాగుతున్న సమయంలో ఈ మార్పును ఢిల్లీ శత్రు చర్యగా చూసింది. రుణం గురించిన మాటలు ఒప్పందానికి ముందే జరిగాయనీ, ఒప్పందం అమలులో ఉన్నంతకాలం పాకిస్తాన్ ఆ పత్రాలను సొమ్ము చేసుకోదనీ ప్రధాని మీర్ లాయక్ అలీ పక్షం వాదించింది. మన మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది: అప్పు ఎవరి పేరున ఉంది?

4. ఐదు రోజుల చర్య, ఒక పేరు

రజాకార్ల దౌర్జన్యాలు, సరిహద్దు ఘర్షణలు, ఆర్థిక దిగ్బంధం మీద ఆరోపణలతో 1948 నాటికి చర్చలు విఫలమయ్యాయి. హైదరాబాదు ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న 'ఆపరేషన్ పోలో' మొదలైంది. ముఖ్య దళం షోలాపూరు వైపు నుంచి, తూర్పు దళం మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో విజయవాడ వైపు నుంచి కదిలాయి. తూర్పు దళం తొలిరోజే కోదాడ, మునగాల చేరింది. తరవాత సూర్యాపేటను ఆక్రమించింది. వెనక్కి తగ్గుతున్న హైదరాబాదు సేనలు మూసీ వంతెనను పేల్చివేశాయి. దాన్ని త్వరగానే బాగుచేసి దళం ముందుకు సాగింది. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

ప్రభుత్వం దీన్ని 'పోలీసు చర్య' అన్నది. విలీనం, విమోచన, ఆక్రమణ అని వేర్వేరు పక్షాలు వేర్వేరు పేర్లు పెట్టాయి. ఇది మాటల తగాదా మాత్రమే కాదు. పేరును బట్టి పద్దు మారుతుంది. రెండు రాజ్యాల మధ్య యుద్ధం అంటే, ముగిశాక శాంతి ఒప్పందం ఉండాలి, నష్టపరిహారం మాట రావాలి, గెలిచినవారు ఓడినవారి అప్పుల్లో ఏవి స్వీకరిస్తారో తేలాలి. పోలీసు చర్య అంటే అది ఇంటి వ్యవహారం. ఒప్పందమూ ఉండదు, పరిహారమూ ఉండదు. నిజాం సెప్టెంబరులోనే భద్రతా మండలి నుంచి ఫిర్యాదును ఉపసంహరించుకున్నట్లు ప్రకటించడంతో అంతర్జాతీయ వేదిక దారి దాదాపుగా మూసుకుపోయింది.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చాక హైదరాబాదు 'బి' తరగతి రాష్ట్రమైంది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. రాజ్యాంగం 295వ అధికరణం ఇలాంటి సంస్థానాల ఆస్తులు, హక్కులు, బాధ్యతలు కేంద్రానికీ రాష్ట్రానికీ ఎలా సంక్రమిస్తాయో చెప్పింది. మన రెండో ప్రశ్నకు, అంటే వారసులు ఎవరన్నదానికి, దేశం లోపల ఇచ్చిన జవాబు ఇది. హాలీ సిక్కాను 1953 చట్టం తరవాత క్రమంగా ఉపసంహరించారు. పెద్ద అప్పుల మాట ఎలా ఉన్నా, సూర్యాపేట వ్యాపారి చిట్టాలో 700 హాలీ రూపాయల బాకీ 600 భారత రూపాయలుగా మారి కొనసాగింది.

5. లండన్ ఖాతా

దేశం వెలుపల ఉన్న సొమ్ముకు 295వ అధికరణం ఒక్కటే చాలలేదు. హైదరాబాదు ప్రభుత్వానికి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఖాతా ఉండేది. లొంగుబాటు జరిగిన కొద్ది రోజులకే, 1948 సెప్టెంబరు 20 ప్రాంతంలో, ఆర్థిక, విదేశీ వ్యవహారాల మంత్రిగా ఉన్న మోయిన్ నవాజ్ జంగ్ ఆదేశంతో 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా పేరున ఉన్న ఖాతాకు మారాయి. వారం తిరగకుండానే నిజాం, ఆ బదిలీకి తన అనుమతి లేదని బ్యాంకుకు తెలిపి సొమ్ము తిరిగి కోరాడు. బ్యాంకు ఇద్దరి మధ్యా చిక్కుకుని, సొమ్మును అలాగే ఉంచింది.

నిజాం 1954లో ఇంగ్లండు న్యాయస్థానానికి వెళ్లాడు. కేసు చివరికి 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా చేరింది. ఒక సార్వభౌమ రాజ్యం మీద, దాని అనుమతి లేకుండా, మరో దేశపు న్యాయస్థానం విచారణ జరపరాదన్న సూత్రం ప్రకారం పాకిస్తాన్‌కు రక్షణ ఉందని తీర్పు వచ్చింది. సొమ్ము ఎవరిదో ఆ తీర్పు చెప్పలేదు. విచారించే వీలు లేదని మాత్రమే చెప్పింది. మూడో ప్రశ్న ప్రాధాన్యం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తేల్చే వేదిక లేకపోతే, హక్కు ఎంత బలమైనదైనా కాగితం మీదే ఉంటుంది.

2013లో పాకిస్తాన్ తానే దావా వేసింది. దావా వేయడమంటే రక్షణను వదులుకోవడమే. దాంతో విచారణకు దారి తెరుచుకుంది. తమ నుంచి ఆయుధాలు అందినందుకు బదులుగా ఆ సొమ్ము ఇచ్చారనీ, లేదా అది భారత్ చేతికి చిక్కకుండా తమ దగ్గర దాచారనీ పాకిస్తాన్ వాదించింది. భారత ప్రభుత్వం, ఉస్మాన్ అలీ ఖాన్ మనవలు ముకర్రం జా, ముఫఖం జా ఈసారి ఒకే పక్షాన నిలిచారు. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ పాకిస్తాన్ వాదనలను తోసిపుచ్చి, ఆ సొమ్ముకు ఏడవ నిజాం, ఆయన ద్వారా హక్కు పొందినవారు యజమానులని తీర్పు ఇచ్చారు. అప్పటికి 10 లక్షల పౌండ్లు సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లయ్యాయి. ఇది 71 ఏళ్లపాటు ఏడాదికి సగటున సుమారు 5 శాతం చక్రవడ్డీతో సమానం.

6. తీరని పద్దు, తీరిన పద్దు

ఇదే కాలంలో భారత్, పాకిస్తాన్ మధ్య నేరుగా నడిచిన రెండు పద్దులను పోల్చి చూద్దాం.

మొదటిది విభజన పద్దు. అవిభక్త భారత నగదు నిల్వల్లో పాకిస్తాన్ వాటా 75 కోట్లుగా తేలింది. 20 కోట్లు ముందే ఇచ్చారు. మిగిలిన 55 కోట్లను కశ్మీరు పోరు కారణంగా భారత్ ఆపింది. 1948 జనవరి 13న గాంధీజీ నిరాహారదీక్ష మొదలుపెట్టిన తరవాత, 15న ఆ మొత్తం విడుదలకు నిర్ణయం జరిగింది. దీనికి మరో పక్క కూడా ఉంది. అవిభక్త భారత ప్రభుత్వ అప్పుల్లో పాకిస్తాన్ 17.5 శాతం భరించాలి. దాన్ని 1952 నుంచి 50 వార్షిక వాయిదాల్లో భారత్‌కు తీర్చాలి. ఆ వాయిదాలు రాలేదు. భారత బడ్జెట్ పత్రాల్లో ఈ ఖాతా కింద పాకిస్తాన్ నుంచి 300 కోట్లు రావలసినట్లు ఏళ్ల తరబడి చూపుతూ వచ్చారు. పాకిస్తాన్ స్టేట్ బ్యాంకు కూడా రిజర్వు బ్యాంకు నుంచి తమకు రావలసిన ఆస్తులను తన పద్దుల్లో చూపుతూ వచ్చింది. ఇద్దరూ అప్పు ఇచ్చినవారే, ఇద్దరూ ఎదురుచూసేవారే.

రెండోది సింధు జలాల పద్దు. 1960 ఒప్పందం ప్రకారం, పాకిస్తాన్ కొత్త కాలువలు నిర్మించుకోవడానికి భారత్ 6,20,60,000 పౌండ్లను పది వార్షిక వాయిదాల్లో ఇవ్వాలి. 1965లో రెండు దేశాలూ యుద్ధం చేశాయి. అయినా వాయిదాలు ఆగలేదు.

తేడా ఎక్కడుంది? సింధు ఒప్పందంలో మొత్తం స్థిరం, తేదీలు స్థిరం, సొమ్ము వెళ్లేది ప్రపంచ బ్యాంకు నిర్వహించే నిధికి. విభజన పద్దులో లెక్క మీదే ఏకాభిప్రాయం లేదు, మధ్యవర్తి లేడు. ఇరుగుపొరుగు దేశాల మధ్య స్నేహం మాట దేవుడెరుగు, నమ్మకం లేని చోట కూడా అప్పు తీరాలంటే కావలసినవి ఈ మూడే: ఒప్పుకున్న మొత్తం, ఒప్పుకున్న తేదీ, ఇద్దరికీ సమ్మతమైన మూడో మనిషి.

7. పద్దుకెక్కని అప్పులు

రాజ్యాల ఖాతాల్లో చోటు దొరకని బాకీలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. 1946 నుంచి నల్గొండ జిల్లా పల్లెల్లో సంఘం నాయకత్వాన వెట్టికీ, నాగు వడ్డీకీ వ్యతిరేకంగా పోరాటం సాగింది. చాలా ఊళ్లలో అప్పు కాగితాలు చింపేశారు, భూములు పంచారు. పోలీసు చర్య తరవాత, ఊళ్లు విడిచిన దొరల్లో చాలామంది తిరిగి వచ్చి పాత భూములు, పాత బాకీలు అడిగారని ఆ పోరాటంలో పాల్గొన్న పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు రాశారు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. జాగీర్దారుకు పరిహారం లెక్క కట్టారు. రజాకార్ల దాడుల్లో ఇల్లు కాలినవారికి, చర్య తరవాతి హింసలో మనుషులను పోగొట్టుకున్నవారికి అలాంటి పద్దు లేదు. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం ఆ హింసలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు.

మన మూడు ప్రశ్నలను ఈ బాకీలకూ వేసి చూడండి. అప్పు ఎవరి పేరున? కాగితం లేదు. వారసులు ఎవరు? పల్లెల్లో ఉన్నారు, కానీ వారిని ఎవరూ అడగలేదు. ఎక్కడ తేల్చాలి? వేదిక లేదు. లండన్‌లోని సొమ్ముకు బ్యాంకు రసీదు ఉంది కనుక 71 ఏళ్ల తరవాతైనా తీర్పు వచ్చింది. నష్టం ఎంత పెద్దదైనా దాన్ని ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే చర్చల బల్ల దాకా చేరదు. యుద్ధానంతర చర్చలను చదివే విద్యార్థి బల్ల చుట్టూ కూర్చున్నవారిని చూసి ఊరుకోకూడదు. అక్కడ కుర్చీ దొరకనివారెవరో కూడా వెతకాలి.

8. సారాంశం

హైదరాబాదు అనుభవం మనకు చెప్పేది ఇది. యుద్ధం తరవాత అప్పు ఎంతో తేలే ముందు ఎవరి పేరున, ఎవరు వారసులు, ఎక్కడ తేల్చాలి అన్నవి తేలాలి. జరిగినదానికి పెట్టే పేరు చెల్లింపుల స్వరూపాన్ని మారుస్తుంది. మొత్తం, తేదీ, మధ్యవర్తి స్థిరంగా ఉంటే శత్రువుల మధ్య కూడా బాకీ తీరుతుంది. లిఖిత ఆధారం లేని నష్టం మాత్రం పద్దులో కనిపించకుండానే మిగిలిపోతుంది.

9. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1823లో పేష్కష్ రద్దుకు ఇచ్చిన మొత్తాన్ని ఎలా లెక్కించారు?
2. రుణపత్రాల రూపంలో ఇచ్చిన 20 కోట్ల రుణం భారత్‌ను ఎందుకు ఆందోళనపరిచింది?
3. 1957 తీర్పుకూ 2019 తీర్పుకూ మధ్య తేడా ఏమిటి?
4. విభజన పద్దును సింధు జలాల పద్దుతో పోల్చండి.
5. మీ ఊరి పెద్దల్లో ఎవరికైనా హాలీ సిక్కా కాలం గురించి, 1948 నాటి విషయాల గురించి ఇంట్లో విన్న మాటలు తెలుసేమో అడిగి, ఒక పుట మించకుండా రాయండి. చెప్పినవారి వయసు, విన్న తేదీ తప్పక నమోదు చేయండి.